నీళ్ళలో ఉన్నవాడి తరఫున

షిన్షూ కొండలు, కామిజావా
1956 నవంబరు 17

జింపచి అన్నయ్యకి నీ చెల్లెలు ఇసో రాస్తున్నది.

ఈ ఏడు మంచు తొందరపడింది. చలికాలానికి ఆకుకూర మూడు పీపాలు ఉప్పులో ఊరేశాను. చేతులు వాచిపోయి కలం సరిగా పట్టుకోవడం లేదు. అక్షరాలు చూసి నవ్వకు. చిన్నప్పుడు నీ అక్షరాలు చూసి పంతులుగారు ఏమనేవారో నాకింకా గుర్తుంది.

అసలు సంగతి నా కొడుకు. ఆ మహానుభావుడు ఉత్తరం రాసి మూడు నెలలైంది. కలం దొరకలేదా, లేక నువ్వు వల లాగించి లాగించి వాడికి వేళ్ళు లేకుండా చేశావా? చెవి మెలిపెట్టి రాయించు. ఇరవై ఒక్కేళ్ళొచ్చినా మామయ్య మెలిపెడితే తమోత్సు ఏమీ అనుకోడులే.

వాడికో చలికోటు కుడుతున్నాను. పైన నీలం గుడ్డ, లోపల మన పనికిరాని పట్టుగూళ్ళు విడదీసి తీసిన దూది. పడవ మీద వేసుకునేది కాదు, ఇంటికొచ్చాక పొయ్యి దగ్గర కూర్చుని వేసుకునేదని గట్టిగా చెప్పు. ఎడమ చెయ్యి అయింది, కుడి చెయ్యి ఉంది. వాడి భుజాలు ఇప్పుడెంత వెడల్పో నాకేం తెలుసు? నీ కొలతకి ఒక బెత్తెడు ఎక్కువ వేశాను. వదులైతే వదినని సరిచెయ్యమను. సణుగుతూ చేస్తుంది, పాపం.

పడవ పని వద్దని నాలుగేళ్ళ క్రితం నేనెంత ఏడ్చానో నీకు తెలుసు. వాడి నాన్న మంచూరియా వెళ్ళి తిరిగి రాలేదు. యుద్ధం అయ్యాక అస్థికలు పంపే తెల్లపెట్టె వచ్చింది, అందులో ఆయన పేరు రాసిన చీటీ తప్ప ఏమీ లేదు. అప్పుడు నువ్వే అన్నావు, "వాడు నా కళ్ళెదుటే ఉంటాడు, నాకొదిలెయ్" అని. ఆ మాట మీదే నేను నిద్రపోతున్నాను.

బురి చేపలు వచ్చే రోజులు, మీకు తీరిక ఉండదని తెలుసు. అయినా రెండు ముక్కలు రాయించు.

ఇసో


కురోసాకి తీరం
నవంబరు 24

ఇసో,

టెలిగ్రాం అందే ఉంటుంది. నీ ఉత్తరం దాని మర్నాడు వచ్చింది. మీ వదిన చదివింది. నా వల్ల కాలేదు.

ఎలా జరిగిందో రాయాలి. పద్దెనిమిదో తారీకు పొద్దున ఏడు గంటలకి వల ఎత్తుతున్నాం. దూరంగా ఉరుముతోంది. ఈ కాలంలో ఉరిమితే బురి గుంపు వస్తుందని మాకు సంబరం. తమోత్సు కూడా నవ్వుతున్నాడు. వల నిండా చేప. అంతలో పక్కనుంచి ఒక అల లేచింది. వాడు నా ఎడమ పక్కన ఉన్నాడు. అల దిగాక లేడు. అంతే ఇసో. అరుపు కూడా వినలేదు.

ఆరు రోజులుగా వెతుకుతున్నాం. ఊళ్ళో పదకొండు పడవలున్నాయి, పదకొండూ వలలు వదిలేసి వచ్చాయి. మా పడవలో అందరికన్నా పెద్దవాడు గొన్‌జో, డెబ్భై ఒకటి నిండాయి, ఇంట్లో కూర్చోమంటే నన్నే తిట్టి ముందు ఎక్కి కూర్చుంటున్నాడు. రోజంతా నీళ్ళు చూసి చూసి ఆయన కళ్ళు పుసి కట్టాయి.

నా కళ్ళెదుటే ఉంటాడన్నాను. నా కళ్ళెదుటే ఉన్నాడు. నిన్ను క్షమించమనడానికి నాకు మొహం లేదు.

జింపచి


కామిజావా
నవంబరు 30

అన్నయ్యా,

నిన్ను తిట్టడానికి కూర్చున్నాను, తిట్లు రాలేదు. అల నీ మాట వింటుందా?

నాకు ఒక్కటే కావాలి. వాణ్ణి తీసుకురా. ఎలా ఉన్నా సరే, ఎముకైనా సరే. వాళ్ళ నాన్న పెట్టె వచ్చిన రోజు నేను దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. లోపల కాగితం కదిలిన చప్పుడు. పదేళ్ళుగా ఆ సమాధి దగ్గర దండం పెడుతున్నాను కానీ, ఒక్కసారీ ఆయనకి పెట్టినట్టు లేదు. కాగితానికి పెడుతున్నాను. ఇంకోసారి నా వల్ల కాదు. ఈసారి నాకు ఖాళీ పెట్టె వద్దు.

కోటు కుడి చెయ్యి కూడా కుట్టేశాను. వాణ్ణి తెచ్చాక దాంతో చుట్టి పంపిద్దువు గాని. అంతవరకూ పంపను.

ఇంకేమీ అడగను. ఇది ఒక్కటి చెయ్యి.

ఇసో


కురోసాకి
డిసెంబరు 12

ఇసో,

మొన్న ఒకరు దొరికారు. నీ గుండె ఆగేలోపే రాస్తున్నాను, మనవాడు కాదు.

నలభై ఏళ్ళ మనిషి. ఏ ఊరో తెలీదు, మొహం చూసి గుర్తుపట్టేలా లేదు. ఎడమ కాలికి ఉన్ని మేజోడు మిగిలింది. నీలం మేజోడు, మడమ దగ్గర చిరిగితే ఎవరో ఎర్ర ఉన్నితో అల్లి పూడ్చారు. ఇంట్లో నీలం అయిపోయి ఉంటుంది.

పైకి తియ్యడం కొంచెం ఆలస్యమైంది. గంట పైనే అతని పక్కన ఆగిపోయాం. తర్వాత పోలీసుకి కబురు, గుడి గురువుగారు, దహనం, వీటితో రెండు రోజులు పోయాయి. ఆ రెండు రోజులూ తమోత్సు కోసం వెళ్ళలేదు. నీ దగ్గర దాచడం ఇష్టం లేక చెబుతున్నాను.

ఊరి చివర పేరులేని వాళ్ళ రాయి ఉంది, గుర్తుందా? చిన్నప్పుడు దాని మీద మనం చేపలు ఎండబెట్టి నాన్న చేత తన్నులు తిన్నాం. అతని అస్థికలు అక్కడే పెట్టాం. మీ వదిన అన్నం ముద్ద పెట్టి వచ్చింది.

రేపు గాలి తగ్గితే ఉత్తరం వైపు వెళ్తాం.

జింపచి


కామిజావా
డిసెంబరు 19

అన్నయ్యా,

ఎవడు వాడు? నీకు చుట్టమా, స్నేహితుడా? నా కొడుకు నీళ్ళలో ఉంటే ఎవడో ముక్కూమొహం తెలియనివాడి కోసం రెండు రోజులా! గంటసేపు పక్కన నిలబడి ఏం చేశారు, కబుర్లు చెప్పారా? ఆ రెండు రోజుల్లోనే తమోత్సు మీ ఎదుటి నుంచి కొట్టుకుపోయి ఉంటే?

ఊళ్ళో నీకు మంచివాడని పేరుంది. మా పెళ్ళిలోనే మా అత్తింటివాళ్ళు అన్నారు, "పిల్ల అన్న చాలా మంచివాడంట" అని. ఆ పేరు నిలబెట్టుకోవడానికి నీకు నా కొడుకే దొరికాడా?

లేక ఇతన్ని మీరు తీస్తే తమోత్సుని ఇంకే ఊరివాళ్ళో తీస్తారని అనుకున్నావా? అదైతే చెప్పు. అదైతే నాకూ అర్థమవుతుంది, నేనూ నోరు మూసుకుంటాను. అదేనా?

ఆ ఎర్ర ఉన్ని సంగతి నాకెందుకు రాశావు? నాలుగు రోజులుగా అదే కళ్ళలో మెదులుతోంది. అసలే నా ఏడుపు నాకు చాలడం లేదా?

ఇసో


కురోసాకి
1957 జనవరి 3

ఇసో,

అదేనా అని అడిగావు. కాదు. అలా అనుకుని ఉంటే బాగుండేది, నీకు చెప్పడానికి ఒక జవాబైనా ఉండేది.

సముద్రం మూసుకుపోయింది. పది రోజులుగా ఎవరం పడవ దింపలేదు. అంతకుముందు కూడా వలలో నాచు తప్ప ఏమీ లేదు. ఆ మేజోడు మనిషి మాట తప్పాడని గొన్‌జో తిడుతున్నాడు.

ఎల్లుండికి తమోత్సు పోయి నలభై తొమ్మిదో రోజు, కర్మ చెయ్యాలి. గురువుగారు వచ్చి మంత్రాలు చదువుతానన్నారు. తమోత్సు వలలు అతికే సూది నా దగ్గర ఉంది, ఎముకలకి బదులు దాన్ని పెట్టెలో పెడదామని మీ వదిన అంటోంది. కోటు పంపితే దాన్ని కూడా పెడతాం. కోపం తెచ్చుకోకు. ఇక దొరుకుతాడన్న ఆశ నాకు లేదు.

జింపచి


కామిజావా
జనవరి 21

జింపచి గారికి,

సూది నాకొద్దు. సూది నా కడుపున పుట్టలేదు.

"మాట తప్పాడు" అని రాశావు. చచ్చినవాడు మీకేం మాటిచ్చాడా అని రెండు వారాలు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. నిన్న తెలిసింది. తొయామా నుంచి ఏటా ఇంటింటికీ మందులు తెచ్చే ఆయన వచ్చాడు. మీ తీరం మీదుగానే వచ్చాడట. టీ ఇచ్చాను. తాగుతూ తాగుతూ మొదలుపెట్టాడు.

"మీ అన్నగారి పడవ చాలా పేరున్న పడవమ్మా! శవం కనబడితే వదలరట. ముందు అడుగుతారట, 'చేపలిస్తావా? ఇస్తేనే తీసుకెళ్తాం' అని. శవం తరఫున మీ అబ్బాయే 'ఇస్తాను' అనేవాడట. భలే గొంతట. చచ్చినవాళ్ళకి గొంతు అరువిచ్చాడు, అందుకే సముద్రం గుర్తుపట్టి పిలుచుకుందని అక్కడ ఆడవాళ్ళు చెప్పుకుంటున్నారు."

మందుల పెట్టె మూసి వాకిట్లో పెట్టాను. టీ కప్పు కూడా ఆయన చేతిలోంచి లాక్కున్నాను. ఆయన తప్పేముంది? నీ తప్పుకి ఆయన మీద పడ్డాను.

నువ్వు జాలితో తీస్తున్నావనుకున్నాను. కోపమొచ్చినా లోపల గర్వపడ్డాను కూడా. ఇది బేరమా? నీళ్ళలో ఉన్నవాణ్ణి, నోరు లేనివాణ్ణి పట్టుకుని చేపలిస్తావా అని బెదిరిస్తారా? పైగా ఆ మాట నా బిడ్డ నోట అనిపించావా? నేను నీకు పంపింది వల లాగడానికి. శవాలకి జామీను ఉండడానికి కాదు.

నా కొడుకు ఇప్పుడు ఏ పడవ పక్కనో తేలుతుంటే, "ఏమిస్తావురా?" అని వాణ్ణి అడుగుతూ ఉంటారు. వాడి తరఫున ఎవరంటారు?

ఇక నాకు ఉత్తరాలు రాయకు. కోటు పంపను.

ఇసో


కురోసాకి
ఫిబ్రవరి 14

ఇసో,

రాయకు అన్నావు. రాస్తున్నాను. చింపాలనుకుంటే చదివి చింపు.

అవును, అడుగుతాం. ఆ మాటలు ఒడ్డున అనకూడదు, అందుకే నువ్వు ఇక్కడ పుట్టి పెరిగినా వినలేదు. శవం పడవకి ఎడమ వైపు వచ్చేలా చూసుకుని పడవ నడిపేవాడు అడుగుతాడు: "చేపలిస్తావా? ఇస్తే తీసుకెళ్తాం, ఇవ్వకపోతే వదిలేసి పోతాం." పడవలో ఇంకొకరు అతని తరఫున "ఇస్తాను" అనాలి. ఆ మాట పడనిదే చెయ్యి వెయ్యం.

నేను కూడా కుర్రతనంలో ఇది బేరమే అనుకున్నాను. గొన్‌జోని అడిగాను. "ఓరి వెర్రినాగన్నా! వాడి దగ్గర ఏముందిరా నీకివ్వడానికి? ఒంటిమీద సరైన గుడ్డ కూడా లేదు. ఊరికే మోసుకుపోతే వాడికెంత చిన్నతనం! ఏదో ఒకటి అడగాలి. మాటిచ్చి ఎక్కితే తలెత్తుకుని ఎక్కుతాడు" అన్నాడు. ఇన్నేళ్ళలో ఒక్కడు కూడా ఆ మాట నిలబెట్టుకోలేదు ఇసో. తీసిన ప్రతిసారీ పది రోజులు వల ఖాళీ. గొన్‌జో "దొంగసచ్చినోడు, ముంచాడు" అని తిడుతూనే ఉంటాడు. మళ్ళీ ఒకడు కనబడితే మళ్ళీ అడగమంటాడు.

ఇక తమోత్సు సంగతి. నేను అనిపించలేదు. వాడు వచ్చిన మొదటి ఏడు, పదిహేడేళ్ళు. అప్పటిదాకా జవాబు చెప్పే మనిషి ఆ పూట వాంతులు చేసుకుంటూ కూలబడ్డాడు. నేను అడిగాను, ఎవరూ పలకలేదు. వెనకనుంచి వీడు అరిచాడు: "ఇస్తాను, ఇస్తాను. ఇంటికి తీసుకెళ్ళండి." ఆ రెండో మాట ఆచారంలో లేదు. గొన్‌జో తిరిగి చూసి, "ఒరేయ్, శవం అంతంత మాట్లాడదురా!" అన్నాడు. మేమంతా నవ్వేశాం. శవాన్ని పక్కన పెట్టుకుని నవ్వాం, దేవుడు క్షమించాలి. తర్వాత ఇంకో రెండుసార్లు కూడా వాడే చెప్పాడు, ఎవరూ చెప్పమనకుండానే. ప్రతిసారీ ఆ రెండో మాట కలిపేవాడు.

ఎందుకురా ముందుకు దూకుతావు అని ఒకసారి అడిగాను. నన్ను వింతగా చూశాడు. "చాలా సేపటినుంచి నీళ్ళలో ఉన్నాడు కదా మామయ్యా, చలేస్తుంది" అన్నాడు. ఇంకేదో పెద్ద సంగతి చెబుతాడని ఎదురుచూశాను. అంతే. వెళ్ళి వల మడతపెట్టుకున్నాడు.

మేజోడు మనిషి దగ్గర గంటసేపు ఏం చేశారని అడిగావు. నేను అడిగాను, జవాబు చెప్పే గొంతు లేదు. పడవలో వాళ్ళంతా తమోత్సు నిలబడే చోటు వైపు చూశారు. రెండోసారి అడిగాను. మూడోసారి అడగలేదు. జవాబు చెప్పినవాణ్ణి సముద్రం తీసుకుపోతుందని వాళ్ళకీ భయం పట్టుకుంది, ఆడవాళ్ళనేమనుకుని లాభం లేదు. తాడు కట్టి అలాగే పక్కన ఉంచుకున్నాం. వదిలి పోదామని ఎవరూ అనలేదు, తీద్దామనీ అనలేదు. చివరికి గొన్‌జో తలగుడ్డ తీసి, "ఎలాగూ పోయేవాణ్ణే కదా" అని గొణిగి, "ఇస్తాను" అన్నాడు. తర్వాత, "ఇంటికి తీసుకెళ్ళండి" అన్నాడు. శవం అంతంత మాట్లాడదన్న మనిషే. అప్పుడు ఏడ్చాం, పడవ మొత్తం.

ఇంకొకటి ఉంది. ఇది మీ వదినకి కూడా తెలీదు.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. చుక్కాని నా చేతిలో ఉంది. పడవ నిండా చేప, గాలి లేస్తోంది, అందరూ వంగి పని చేసుకుంటున్నారు. కుడి పక్క నీళ్ళలో నీలం చొక్కా కనబడింది. వీపు. గొన్‌జో తలెత్తకుండానే "ఏంట్రా అది?" అన్నాడు. "దుంగ" అన్నాను.

ఇంటికి వచ్చాను. వేడన్నం తిన్నాను. హాయిగా నిద్ర పట్టింది. ఆ వారమంతా చేప బాగా పడింది. నాకు ఏ శిక్షా పడలేదు ఇసో, అదే నన్ను పీడిస్తోంది. మీ ఆయన ఖాళీ పెట్టె వచ్చిన రోజు నువ్వు దాన్ని ఊపుతుంటే నేను గుమ్మంలో ఉన్నాను. ఆ దుంగ ఎవరింట్లో ఖాళీ పెట్టె అయిందో అనిపించి బయటికి వెళ్ళిపోయాను. నీతో పాటు ఏడవలేదని అప్పుడు నీకు కోపం వచ్చింది.

అందుకని తీస్తున్నావా అంటావు. మొదటి ఇద్దర్నీ అందుకే తీశాను, నిజం. తర్వాత తెలీదు. కనబడగానే చుక్కాని తిరిగిపోతుంది. తిరిగాక నేను చూసుకుంటాను, ఓహో తిప్పానా అని. పుణ్యం అందామంటే ఆ సమయంలో దేవుడు గుర్తు రాడు. చేప కోసమైతే ఎప్పుడో మానేసేవాణ్ణి. జాలంటే, ముక్కు మూసుకుని తీస్తాం, జాలి ఎక్కడిది? నువ్వు అడిగావని రెండు నెలలుగా ఆలోచిస్తున్నాను. నాకు జవాబు దొరకలేదు. తమోత్సు చెప్పినదానికంటే మంచిది నా దగ్గర లేదు.

వాడి తరఫున ఎవరంటారని అడిగావు. ఆ ప్రశ్న నన్ను తినేస్తోంది. దుంగ అనేవాడు ఎదురుపడకూడదని మాత్రం కోరుకుంటున్నాను.

జింపచి


కురోసాకి
మార్చి 22

ఇసో,

జవాబు రాదని తెలుసు. ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను.

మొన్న పై తీరం నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. పోలీసులు పంపిన కాగితంలో ఎర్ర ఉన్ని మాట చదివించుకుని, రెండు బస్సులు మారి వచ్చింది. మేజోడు చూపించాం. దాన్ని తిరగేసి లోపలి ముడి చూసింది. "నాదే. ముడి వెయ్యడం నాకు చేతకాదు, చూడండి" అంది. అతని పేరు యసుకె అట. ఒక్కడే కొడుకు.

రాయి దగ్గరి అస్థికలు తీసి పెట్టె కట్టి ఇచ్చాం. ఒడిలో పెట్టుకుని, ఊపలేదు, రెండు చేతులూ దాని కిందికి పెట్టి బరువు చూసింది. వెళ్ళేముందు పడవ దగ్గరికి తీసుకెళ్ళమంది. ఆడవాళ్ళు పడవ ముట్టకూడదని మా పద్ధతి, తెలుసుగా. గొన్‌జో తానే చెయ్యి పట్టి ఎక్కించాడు. అతన్ని పడుకోబెట్టిన చెక్క మీద తల ఆనించి చాలాసేపు ఉంది.

ఆమెకి మనం అడిగిన చేపల సంగతి చెప్పలేదు. ఆమె కూడా ఏమీ అడగలేదు, ఎందుకు తెచ్చారని కూడా.

నీకు ఖాళీ పెట్టె ఇవ్వబోయాను. క్షమించు.

జింపచి


కామిజావా
ఏప్రిల్ 29

అన్నయ్యా,

ఫిబ్రవరి ఉత్తరం చింపలేదు. బియ్యం డబ్బాలో దాచాను. మార్చి ఉత్తరం కూడా అక్కడే ఉంది. జవాబు రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను. ఏం రాసినా అది నీ మీద తీర్పు చెప్పినట్టే ఉంది. నీ మీద తీర్పు చెప్పడానికి నేనెవర్ని? సరే. జరిగింది చెబుతాను.

ఇక్కడ మంచు కరిగి ఏరు పొంగింది. ఇరవై నాలుగో తారీకు మధ్యాహ్నం మల్బరీ మొగ్గలు చూసి వస్తుంటే తూము దగ్గర జనం. అడ్డకట్టకి ఎవరో ఆడమనిషి తట్టుకుని ఉంది. బోర్లా పడి ఉంది, జుట్టు నీళ్ళలో ఊగుతోంది. పది మంది మగవాళ్ళు గట్టు మీద నిలబడి మాట్లాడుకుంటున్నారు. పోలీసు వచ్చేదాకా ముట్టకూడదని ఒకడు. ఖర్చులు ఏ పేట పెట్టుకుంటుందని ఇంకొకడు. మా వీధి చివరి బియ్యం మర ఆయన అన్నాడు కదా, "వెదురు కర్రతో చిన్నగా తోస్తే సరి, కింది ఊరి తూము దగ్గరికి పోతుంది. వాళ్ళే చూసుకుంటారు." ఎగతాళికి అన్న మాట కాదు. అతను చెడ్డవాడు కాదు అన్నయ్యా. తమోత్సు పోయినప్పుడు మా ఇంటికి బియ్యం తెచ్చిచ్చాడు.

ఒకడు కర్ర తేవడానికి వెళ్ళాడు.

తర్వాత ఏం జరిగిందో నేను సరిగ్గా చెప్పలేను. చెప్పులు గట్టు మీద వదిలినట్టున్నాను, తర్వాత అక్కడే దొరికాయి. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. కరిగిన మంచు నీళ్ళు, కాళ్ళు ఉన్నాయో లేవో తెలీలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళు ఉబ్బి, కొసలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి, పట్టుగూళ్ళు మరగబెట్టే మిల్లు చేతులు. నేనూ ఆ పని చేశాను, నాకు తెలుసు. లాగుతుంటే రాలేదు. పైనుంచి "ఏమమ్మోయ్, బయటికి రా, నువ్వూ పోతావు!" అని అరుస్తున్నారు. అప్పుడు నా నోటి నుంచి గట్టిగా వచ్చింది.

"ఇస్తాను, ఇస్తాను. ఇంటికి తీసుకెళ్ళండి."

ఎవరూ నన్నేమీ అడగలేదు. చేపలిస్తావా అనలేదు, ఏమిస్తావనీ అనలేదు. అడగకుండానే జవాబు చెప్పాను.  గట్టు మీద వాళ్ళకేం అర్థమైందో తెలీదు. ముందుగా దూకింది బియ్యం మర ఆయనే. తర్వాత ఇంకో ఇద్దరు. నలుగురం కలిసి పైకి తీశాం.

ఇంటికి పరుగెత్తి, చేతికి అందింది తెచ్చి కప్పాను. కప్పాక చూసుకున్నాను, అది కోటు. ఆ నీలం కోటు. ఆమె చిన్న మనిషి, చేతులు వేళ్ళు దాటి కిందికి వేలాడుతున్నాయి. తీసెయ్యాలనిపించలేదు. బియ్యం మర ఆయన పళ్ళు టకటకలాడుతూ అడిగాడు, "మీ చుట్టమా?" "కాదు." "తెలిసినావిడా?" "కాదు." "మరెందుకమ్మా నీళ్ళలోకి దిగావు?"  "మరి నువ్వెందుకు దిగావు?" అన్నాను. ఆయన వంగి కోటు అంచు ఆమె కాళ్ళ మీదికి లాగాడు.

ఆమె ఎవరో ఇంకా తెలీలేదు. ముప్పై ఏళ్ళుంటాయి. ఆ కోటుతోనే దహనానికి పంపించాం.

నీకు అసలు చెప్పాలనుకున్నది ఇది. ఇంటికి వచ్చి కాళ్ళ మీద వేడినీళ్ళు పోసుకుంటుంటే, నేనన్న మాటలు తమోత్సువని తట్టింది. అప్పటిదాకా తట్టలేదు. వాడి కోసం దిగలేదు అన్నయ్యా. వాణ్ణి ఎవరైనా తీస్తారని దిగలేదు. ఆమె నీళ్ళలో ఉన్నంతసేపూ, ఐదు నెలల్లో మొట్టమొదటిసారి, నా కొడుకు నాకు గుర్తే రాలేదు. ఒక్క క్షణం కూడా గుర్తు రాలేదు. తల్లిని కదా, ఎలా మరిచిపోయాను? ఆ రోజు నుంచి ఏడుస్తున్నాను. నవంబరులో ఏడ్చిన ఏడుపు కాదు ఇది.

వాడూ జవాబు చెప్పడానికి అలాగే ముందుకు దూకి ఉంటాడు. అప్పుడు వాడికీ నేను గుర్తు వచ్చి ఉండను. చలేస్తుందని తప్ప ఇంకేమీ తోచి ఉండదు. నువ్వు వాడి చేత అనిపించావన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నీ దుంగ సంగతి వదినకి చెప్పు. ఒక్కడివే మొయ్యకు.

జూన్‌లో పట్టుగూళ్ళు అమ్మేశాక వస్తాను. గురువుగారికి చెప్పి ఉంచు. పెట్టె కట్టించు. అందులో సూది పెట్టండి. కోటు లేదు, పంపడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. ఈసారి ఖాళీ పెట్టె నేనే అడుగుతున్నాను.

మీ పద్ధతి ఒప్పుకుంటే, వాడు నిలబడిన చోటు ఒకసారి ఎక్కి చూస్తాను. గొన్‌జోగారిని చెయ్యి అందించమని అడుగు.

నీ చెల్లెలు
ఇసో